బడి గుమ్మమునొద్ద బజ్జీల బండి

సాయంకాలము కడపటి గంట మ్రోగుటతోడనే మన పాఠశాల గుమ్మమునొద్ద రెండవ పాఠశాల యొకటి తెరవబడును. అచ్చట హాజరుపట్టీ లేదు. అయినను ఆలస్యముగ వచ్చువాడు లేడు. ఉడికిన వేరుసెనగకాయల యావిరి, జామకాయ ముక్కలపై చల్లిన యుప్పుకారముల ఘాటు, మూకుటిలో మిరపకాయ బజ్జీలు చుఱచుఱలాడు చప్పుడు, వీని ముందు మా వ్యాకరణ పాఠ మెంతటిది? నాలుగవ పీరియడు మొదలు కొందఱి కన్నులు కిటికీ మీదనే యుండుట మే మెఱుగనిది కాదు.

ఈ బండ్లను తొలగింపవలెనని కొందఱు తలిదండ్రులు ప్రధానోపాధ్యాయులకు అర్జీ సమర్పించియున్నారు. గత వర్షాకాలమున ఎనిమిదవ తరగతి బాలురు కొందఱు వాంతులతో, విరేచనములతో మంచము పట్టిరి. తప్పు పానీపూరీ బండిదని యూరంతయు తేల్చివేసెను. ఆ బాలురలో ఒకడు మా తరగతివాడే. వాని మంచము ప్రక్కను కూర్చుండి సెలైను చుక్కలను లెక్కపెట్టిన రాత్రి మాకు మఱపు రాదు. కావున తలిదండ్రుల భయమును తేలికగ జూచువారము కాము. అయినను ఆ యర్జీపై చేవ్రాలు చేయుటకు మాకు చేయి రాలేదు. బండివాని కుండలోని నీటిని ఎవరును పరీక్షింపలేదు. మన తొట్టిలోని నీటిని గూడ ఎవరును పరీక్షింపలేదు. పరీక్ష లేకయే తీర్పు చెప్పినచో విజ్ఞానశాస్త్రమును ఏ ముఖముతో బోధింతుము?

చిరుతిండి యనగా జిహ్వచాపల్యమే యని తీసివేయుట మాకు సమ్మతము గాదు. ఒక్కొక్క యూరు తన రుచిని వీథిలోనే పెట్టి చూపును. విజయవాడకు పునుగులు, విశాఖపట్టణపు సముద్రతీరమునకు ముంత మసాలా, కర్నూలు అనంతపురములకు ఉగ్గాని బజ్జీ, హైదరాబాదునకు ఇరానీ చాయతోడి ఉల్లి సమోసా, చలికాలపు గోదావరి సీమకు తేగలు. ఉపాధ్యాయ శిక్షణ పొందు దినములలో, నెలాఖరున చేతిలో చిల్లర మిగిలిననాడు, ముంత మసాలాయే మా రాత్రి భోజనమైన సందర్భములు గలవు. పానీపూరీని ఢిల్లీలో గోల్‌గప్పా యనియు, కోల్‌కతాలో ఫుచ్కా యనియు, ఒడిశాలో గుప్‌చుప్ అనియు పిలుతురు. పేరు మాఱినను కన్నుల నీరు తుడుచుకొనుచు ఇంకొకటి యడుగుట మాత్రము అంతటను ఒక్కటే.

వీనిలో ఏది మనది, ఏది పరులది యని విడదీయుట కష్టము. సమోసా పారశీక దేశమునుండి వచ్చినది. 14వ శతాబ్దమున మహమ్మదు బిన్ తుగ్లకు కొలువునకు వచ్చిన ఇబ్న్ బతూతా దానిని విందులో జూచి వ్రాసియున్నాడు. బజ్జీకి ప్రాణమైన మిరపకాయయు, సమోసాలో దూరిన బంగాళాదుంపయు అమెరికా ఖండమున పుట్టి పోర్చుగీసు వారి యోడలకాలమున మనకు దక్కినవి. ముంబయి వడాపావులోని పావు అను మాటయే పోర్చుగీసుది. దానిని 1966లో దాదరు స్టేషను వెలుపల అశోక్ వైద్య యను వర్తకుడు మొదట అమ్మెనని చెప్పుదురు. మిల్లు పనికి పరుగెత్తు కూలివానికి అది నడకలో తినదగిన భోజనమయ్యెను.

ఇట్లే మన కూలీలు సముద్రములు దాటినప్పుడు చిరుతిండ్లును దాటినవి. 1860లో మదరాసునుండి నేటాలునకు పోయిన మొదటి యోడలోను, తరువాతి యోడలలోను తెలుగువారు గలరు. ఆ డర్బను పట్టణమున రొట్టెలోని మెత్తని భాగమును త్రవ్వి, ఆ దొప్పలో కూర నింపి యమ్ముదురు. బన్నీచౌ అని దాని పేరు. పళ్లెము లేనివానికి రొట్టెయే పళ్లెము. ట్రినిడాడున రెండు పలుచని బారాల నడుమ సెనగల కూర పెట్టి డబుల్సు అందురు. తెలుగువారు తరతరములుగ నివసించు మారిషసున పప్పు రుబ్బి పచ్చిమిరపకాయలు కలిపి వేయించు గాతో పిమా మన మసాలా వడకు తోబుట్టువే. ఆ దేశములలో పెద్ద యుద్యోగులును వరుసలో నిలుచుండి కొని తిను వస్తువును, మన గుమ్మమున మాత్రము మురికి యని తరుముదుమా?

ఐతే మురికి లేదని మే మనుట లేదు. కాగిన నూనెనే దినదినము కాచుట నిజము. 2018 జూలై 1 నుండి పోలారు పదార్థములు నూటికి 25 పాళ్లు మించిన నూనెను వాడరాదని ఆహారభద్రతా సంస్థ విధించినది. అచ్చు సిరా గల వార్తాపత్రికలో తిండి చుట్టరాదని 2016లోనే హెచ్చరించినది. 2024లో తమిళనాడున పీచుమిఠాయిలో బట్టల కద్దు రోడమిన్-బి యను రంగు కనబడగా దాని విక్రయమును నిషేధించిరి. కర్ణాటకమున గోబీ మంచూరియాలో కృత్రిమపు రంగులు కూడదనిరి. ఎఱ్ఱగ మెఱయు తినుబండారమును జూచి మురియు విద్యార్థులు ఈ సంగతిని గుర్తుంచుకొందురు గాక.

చట్టము సంగతి. క్రొవ్వు, చక్కెర, ఉప్పు అధికముగ గల పదార్థములను బడి యావరణమునకు 50 మీటర్లలోపల పిల్లలకు అమ్మరాదని 2020 నాటి నియమములు చెప్పుచున్నవి. ఆ లెక్కన బజ్జీల బండి కొంత దూరము జరుగక తప్పదు; మాకు బజ్జీలు ఎంత ప్రియములైనను ఇది యొప్పుకొనెదము. కాని యా నియమము బండి యని చెప్పలేదు, పదార్థ మని చెప్పినది. ఎదుటి యంగడిలో వ్రేలాడు చిప్సు పొట్లములకును అది వర్తించును. అర్జీలో ఆ యంగడి పేరు లేదు! మఱియు 2014 నాటి వీథి వ్యాపారుల చట్టము ప్రకారము, సర్వే ముగిసి ధ్రువపత్రము లిచ్చువఱకు ఏ వ్యాపారిని తొలగింపరాదు. పట్టణ విక్రయ సంఘములో నూటికి నలువదికి తక్కువ కాకుండ వ్యాపారులు సభ్యులై యుండవలెను. ఆ చర్చ వారి యెదుట జరుగవలసినదే గాని మన వరండాలో కాదు.

సింగపూరువారు ఈ చిక్కును విప్పిన తీరు గమనింపదగినది. వారు వీథి వర్తకులను ముందుగ నమోదు చేసి, 1970ల నుండి కుళాయి, కాలువ, విద్యుద్దీపము గల కేంద్రములు కట్టి, 1986 నాటికి వారి నందు చేర్చిరి. 2020లో ఆ సంస్కృతిని యునెస్కో మానవజాతి వారసత్వముగ గుర్తించెను. తరిమినచో గుర్తించుటకేమి మిగిలియుండును?

మన చేతనైనది చిన్నది. ప్రహరీ వెలుపలికి శుద్ధజలపు కుళాయి యొకటి పెట్టింపవలెను. మన తొట్టి నీటితో గూడ బండ్ల నీటిని పరీక్షింపవలెను. గుగ్గిళ్లు, ఉడికిన వేరుసెనగకాయలు, జామకాయలు గుమ్మమునొద్ద నుండనిచ్చి, నూనె సరకును మలుపు దాటింపవలెను. బజ్జీల బండి యామె కుమార్తె మన పదవ తరగతిలో చదువుచున్నది. ఆమె రుసుముగ దెచ్చు నోట్లకు నూనె యంటియుండునని గుమాస్తాగారు చెప్పుదురు.

ఈ సంగతి ఆమెతో ముచ్చటించితిమి. “నీళ్లిస్తే అంతకంటే కావలసిందేమిటి మాస్టారూ! మీ మాట మీద గుగ్గిళ్లే పెడతాను. కాని మీ పిల్లలు కొంటారా?” అని యడిగినది. ప్రత్యుత్తరము మా యొద్ద లేదు. ఎనిమిదవ తరగతి మొదలు పదవ తరగతి వఱకు గల విద్యార్థులు, రానున్న సభకు ముందుగ, తమ జవాబును మాకు తెలుపుదురు గాక.