మనస్సాక్షి మనది, ప్రభుత్వ బల్ల అందరిది



తిరువళ్ళూరులో జరిగిన యౌవనస్థుల కూడికకు తిరుత్తణి నుండి వచ్చిన ఒక చెల్లెలు టీఎన్‌పీఎస్సీ గ్రూప్-2 పరీక్షకు చదువుతోంది. ఆ పరీక్ష ద్వారానే సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగాలు కూడా భర్తీ అవుతాయి. ప్రశ్నల సమయంలో ఆమె లేచి ఇలా అడిగింది: "అన్నా, నాకు ఆ ఉద్యోగమే వచ్చిందనుకోండి. రేపు చట్టం మారి, ఇద్దరు ఆడపిల్లలో ఇద్దరు మగపిల్లలో వచ్చి మా పెళ్ళి రిజిస్టర్ చెయ్యండి అంటే నేనేం చెయ్యాల? చేస్తే దేవునికి విరోధమా? చెయ్యకపోతే ఉద్యోగానికి ద్రోహమా?"

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "మన దేశంలో అలాంటి చట్టం రాదులేమ్మా" అని ఒక పెద్దాయన సర్దేశారు. అది జవాబు కాదని మాకనిపించింది. ఆ చెల్లెలికి, ఆమెలాంటి మన పిల్లలందరికీ మేము చెప్పాలనుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ముందుగా చట్టం సంగతి. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు స్వలింగ సంబంధం నేరం కాదని తీర్పు చెప్పింది. 2023 అక్టోబరు 17న, హైదరాబాదు జంట ఒకటి ముందుండి నడిపిన కేసులో, పెళ్ళి హక్కును మాత్రం గుర్తించలేదు. ఆ పని చట్టసభలదే అన్నది. కాబట్టి ఈ రోజున మన దేశంలో ఏ రిజిస్ట్రారూ అలాంటి పెళ్ళిని నమోదు చేయలేరు.

అయినా ఆ చెల్లెలి ప్రశ్న గాలిలోది కాదు. దానికి దగ్గరి సంగతి మన రాష్ట్రంలోనే జరిగింది. 2018 అక్టోబరులో తూత్తుకుడిలో ఒక యువకుడు, ఒక ట్రాన్స్‌జెండర్ స్త్రీ గుడిలో పెళ్ళి చేసుకున్నారు. రిజిస్ట్రేషన్ అధికారి ఆ పెళ్ళిని నమోదు చేయనన్నారు. వాళ్ళు హైకోర్టు మదురై బెంచికి వెళ్ళారు. 2019 ఏప్రిల్ 22న జస్టిస్ జి.ఆర్. స్వామినాథన్, వధువు అనే మాటలో ట్రాన్స్‌జెండర్ స్త్రీ కూడా ఉంటుందని చెప్పి, నమోదు చేయమని ఆదేశించారు. అది స్వలింగ వివాహం కాదు. కానీ బల్లకు ఇవతల నిలబడిన ఇద్దరికి, బల్లకు అవతల కూర్చున్న అధికారి కాదన్నప్పుడు ఏం జరుగుతుందో అక్కడ చూశాం.

ఇలాంటి సంబంధాల గురించి వాక్యం ఏం బోధిస్తోందన్న విషయంలో మా సంఘసభ్యుల మధ్యే ఏకాభిప్రాయం లేదు. దాన్ని దాచం. కానీ ఒక మాట మీద అందరం ఒప్పుకున్నాం. సంఘపు వేదిక వేరు, ప్రభుత్వ బల్ల వేరు.

వేదిక మీద ఎవరిని ఆశీర్వదించాలో సంఘం తన విశ్వాసం ప్రకారం నిర్ణయించుకుంటుంది. పాస్టర్ గారిని ఏ ప్రభుత్వమూ బలవంతపెట్టకూడదు. ఇది కొత్త ఆలోచన కాదు. 1869 నాటి విడాకుల చట్టంలోనే, వ్యభిచార కారణంగా విడాకులైన వారికి మళ్ళీ పెళ్ళి చేయమని ఇంగ్లండు సంఘపు గురువును బలవంతం చేయరాదని రాశారు. 2013లో బ్రిటన్ స్వలింగ వివాహ చట్టం చేసినప్పుడు కూడా, ఇష్టం లేని మత సంస్థలను బలవంతం చేయకూడదని అందులోనే చేర్చారు.

ప్రభుత్వ బల్ల అలాంటిది కాదు. అది పన్ను కట్టే అందరిదీ. లండన్‌లోని ఇస్లింగ్టన్ కౌన్సిల్‌లో లిలియన్ లడేలే అనే క్రైస్తవ సహోదరి రిజిస్ట్రారుగా పనిచేసేది. 2005 డిసెంబరులో అక్కడ స్వలింగ జంటల నమోదు మొదలయింది. ఆమె తన మనస్సాక్షి ఒప్పుకోదని, కొన్నాళ్ళు తోటి ఉద్యోగులతో పని మార్చుకుంది. తరువాత కౌన్సిల్ ఒప్పుకోలేదు. కేసు యూరోపియన్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్ళి, 2013 జనవరి 15న ఆమె ఓడిపోయింది. అదే రోజు అదే తీర్పులో, మెడలో సిలువ వేసుకుని పని చేస్తానన్న విమానయాన ఉద్యోగిని గెలిచింది. సిలువ వల్ల ఏ ప్రయాణికుడికీ టికెట్ ఆగదు కదా!

2015లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో కిమ్ డేవిస్ అనే కౌంటీ క్లర్కు ఇంకో అడుగు ముందుకేసింది. తాను సంతకం పెట్టనని ఊరుకోలేదు. తన ఆఫీసులో ఎవరూ లైసెన్సు ఇవ్వకూడదంది. కోర్టు మాట వినక ఐదు రోజులు జైల్లో ఉంది. మరుసటి ఏడాది ఆ రాష్ట్రం లైసెన్సు ఫారంలోంచి క్లర్కు పేరునే తీసేసింది. దారి వెతికితే దొరుకుతుందన్నమాట.

ఈ ఇద్దరిలో తేడా మన యౌవనస్థులు గమనించాలి. లడేలే తన చేయి మాత్రమే వెనక్కి తీసుకుంది. ఎవరి పనీ ఆగకుండా పని మార్చుకోగలిగినంత కాలం ఆమెకు ఆ వీలు ఉండనిచ్చి ఉంటే బాగుండేదని మా అభిప్రాయం. డేవిస్ మాత్రం ఊరందరికీ తలుపు మూసింది. దానియేలును గుర్తు చేసుకోండి. బబులోను రాజు కొలువులో ఉండి, రాజు భోజనం వద్దని, కూరగాయలు పెట్టి పది రోజులు చూడమని అధికారిని అడిగాడు. తన పళ్ళెం మార్చమన్నాడు గానీ పక్కవాడి పళ్ళెం లాక్కోలేదు. షద్రకు, మేషాకు, అబేద్నెగోలు తమ మనస్సాక్షి కోసం తామే అగ్నిగుండంలోకి వెళ్ళారు, ఇంకొకరిని తోయలేదు. మనస్సాక్షికి వెల ఉంటుంది. ఆ వెల మనమే చెల్లించాలి.

ఇందులో మన స్వార్థం కూడా ఉందని ఒప్పుకుందాం. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. అప్పటి నుండి ఇక్కడి తెలుగువాళ్ళం భాషలో తక్కువవాళ్ళం. అందులో క్రైస్తవులం ఇంకా తక్కువ. అందులో దళితులకు మూడో భారం. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి కులం దాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకోవాలంటే ముప్పై రోజుల నోటీసు ఆఫీసులో అంటిస్తారు. అది చూసి బంధువులు కర్రలు పట్టుకొస్తారేమోనని భయపడే పిల్లలు మన సంఘాల్లోనూ ఉన్నారు. ఆ బల్ల వెనక ఉన్న అధికారి "కులాంతరం నా ధర్మానికి విరుద్ధం, నేను చేయను" అంటే మనం ఊరుకుంటామా? "మీరు మతం మారినవాళ్ళు, మీ కాగితాలు ముట్టను" అంటే? మనకు అక్కర్లేని హక్కును మన అధికారి చేతికిస్తే, రేపు అదే హక్కు మన మీదికే వస్తుంది.

అలాగని ప్రభుత్వం ఏం చెప్పినా తల వంచమని మేము అనడం లేదు. రెజిమెంటు గర్భగుడిలోకి రానన్నందుకు 2021లో ఉద్యోగం పోగొట్టుకున్న సైనికాధికారి శామ్యూల్ కమలేశన్ గారి కేసును 2025 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. సైన్యం క్రమశిక్షణ ముఖ్యమన్నది న్యాయస్థానాల మాట. ఆయన బయట నిలబడినందువల్ల ఏ పౌరుడి హక్కూ పోలేదు, కాబట్టి ఏదో ఒక వీలు కల్పించి ఉండాల్సిందని మేమనుకుంటాం. మా కొలత రెండు చోట్లా ఒక్కటే: నా విశ్వాసానికి ఖర్చు ఎవరు భరిస్తున్నారు?

కాబట్టి చెల్లీ, మా జవాబు ఇది. పరీక్ష రాయి, ఉద్యోగంలో చేరు. చట్టం మారిన రోజు నీ మనస్సాక్షి ఒప్పుకుంటే సంతకం పెట్టు. ఆ సంతకం "వీళ్ళు చట్ట ప్రకారం వచ్చారు" అని చెబుతుందే గానీ "దేవుడు వీళ్ళను జతపరిచాడు" అని చెప్పదు. ఒప్పుకోకపోతే ముందే పై అధికారికి రాసి, ఆ పని వేరొకరికి అప్పగించమని అడుగు. వచ్చినవాళ్ళు ఖాళీ చేతులతో మెట్లు దిగకూడదు, నీ నోట అవమానపు మాట వినకూడదు. ఆఫీసులో ఇంకెవరూ లేకపోతే, ఆ కుర్చీ వదులుకునే ధైర్యం ఉండాలి. కుర్చీ ఉంచుకుని జనాన్ని వెళ్ళగొట్టడం సాక్ష్యం కాదు.

పెద్దలకు కూడా ఒక మాట. వేలూరు జిల్లా కేసులో, 25 ఏళ్ళ యువతిని ఇంట్లో నిర్బంధించారని ఆమె స్నేహితురాలు మద్రాసు హైకోర్టుకు వెళ్ళింది. 2025 మే 22న కోర్టు ఆ యువతిని తన ఇష్టప్రకారం వెళ్ళనిచ్చి, పోలీసుల తీరును తప్పుపట్టింది. 2021లో ఇలాంటి కేసే విన్న జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ గారు, తనకే ఈ విషయం సరిగా తెలియదని ఒప్పుకుని, ఒక మానసిక నిపుణురాలి దగ్గర కూర్చుని నేర్చుకుని, ఆ తరువాతే తీర్పు రాశారు. న్యాయమూర్తి అంత తగ్గించుకోగలిగితే మనం ఎందుకు తగ్గించుకోలేం?

రిజిస్ట్రార్ బల్ల దగ్గరికి ఆ పిల్లలు ఎప్పుడు వస్తారో తెలియదు. మన ఇళ్ళలో, మన సంఘపు చాపల మీద మాత్రం ఈ ఆదివారం కూడా కూర్చుని ఉంటారు, ఎవరికీ చెప్పుకోలేక. వాళ్ళకు మన తలుపు తెరిచే ఉందని ముందు మన నోటితో మనం చెబుదాం.