తన కణములే తనకు మందు

ఇందాలో మా పొరుగు పెద్దాయనకు లింఫోమా, అనగా లింఫు గ్రంథుల క్యాన్సరు, కీమోథెరపీ తరువాత కూడ తిరుగబెట్టినది. కార్-టి చికిత్సకై ముంబయి వెళ్ళుచున్నారు. మన ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకు పోయిన వ్యాగను కొత్త అమరికతో మరలివచ్చునట్లు, రోగి రక్తము నుండి తీసిన టి-కణములకు సిడి19 గుర్తుగల కణములను పట్టుకొను గ్రాహకమును అమర్చి, పెంచి, తిరిగి ఆయనకే ఎక్కింతురు. 2023 అక్టోబరులో అనుమతి పొందిన నెక్స్‌కార్19 మన దేశపు తొలి కార్-టి. ఐఐటి బొంబాయి, టాటా మెమోరియల్ కృషిఫలము. విదేశములలో కోట్లు, ఇక్కడ లక్షలు. పింఛనుదారునకు అదియు కొండయే. ఎక్కించుట కొద్దిసేపటి పని. అసలు గండము ఆపై దినములలో: తీవ్రజ్వరము, రక్తపోటు పడిపోవుట, మాట తడబడుట. కావున కొన్ని వారములు ఆసుపత్రి చేరువనే ఉండవలెను. ఆయన పదవ రోజుకే తిరుగు టికెట్టు కొనియుంచినారు. మేమే స్టేషనుకు పోయి రద్దు చేయించితిమి.