మరపా, చూపులేమా?

గుండ్రని తొట్టి. అందులో పాలు కలిపి తెల్లబరచిన నీరు. నీటిమట్టానికి కొద్దిగా దిగువన, కంటికి కనబడకుండా, ఒక చిన్న పీట. ఈ తొట్టిలో విడిచిన ఎలుక మొదట దిక్కు తోచక గోడవెంబడి ఈదుతుంది. అదృష్టవశాత్తు పీట తగిలితే ఎక్కి నిలబడుతుంది. కొన్నాళ్ళ అభ్యాసం తరువాత ఏ వైపునుంచి విడిచినా తిన్నగా పీట దగ్గరకే పోతుంది. గదిలోని కిటికీ, దీపం, గోడమీది బొమ్మ - వీటిని ఆనవాళ్ళుగా చేసుకుని, పీట ఉన్న చోటును అది జ్ఞాపకం పెట్టుకున్నదన్నమాట.

బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ మోరిస్ 1981లో ప్రకటించిన పరీక్ష ఇది. మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం దెబ్బతిన్న ఎలుకలు ఈ పీట జాడ పట్టలేవని 1982లో ఆయన, సహచరులు నిరూపించారు. పీటను నీటిపైకి కనబడేటట్లు అమర్చితే మాత్రం అవి కూడా చేరుకోగలిగాయి. అంటే లోపం కాళ్ళలోనూ లేదు, కళ్ళలోనూ లేదు, జ్ఞాపకంలోనే ఉన్నది.

జన్యువులను మార్చిన చిట్టెలుకలు 1990 దశకంలో ఈ తొట్టిలోకి దిగాయి. అల్జైమర్స్ వ్యాధికి మందులు వెదికే ప్రయోగశాలలలో ఈ పరీక్ష పరిపాటి అయింది. చిక్కు కూడా అక్కడే వచ్చింది. పెద్ద ఎలుకలంత నేర్పుగా చిట్టెలుకలు ఈదలేవు; కొన్ని ప్రయత్నమే మాని నీటిపై తేలుతూ ఉండిపోతాయి. అన్యజన్యువులను చొప్పించడానికి విరివిగా వాడే ఎఫ్‌వీబీ సంతతి చిట్టెలుకలైతే, పుట్టిన కొద్ది వారాలకే వంశలక్షణంగా చూపు కోల్పోతాయి. గోడమీది ఆనవాళ్ళే కానరాని ప్రాణి పీటను కనుగొనలేకపోతే దానిని మతిమరుపు అనవచ్చునా? అలా పొరపడితే పనిచేసే మందు పనికిరానిదిగా మూలపడవచ్చు. పనికిరానిది పదికాలాలు నిలవనూవచ్చు.

అందువల్ల జాగరూకులైన పరిశోధకులు కనబడే పీటతో ముందుగా చూపును పరీక్షిస్తారు, ఈత వేగాన్ని కొలుస్తారు. చివరకు పీటను తీసివేసి, చిట్టెలుక ఆ పాత చోటనే ఎంతసేపు వెదుకుతున్నదో చూస్తారు. కొందరు నీటినే విడిచి, 1979లో కరోల్ బార్న్స్ ఎలుకలకోసం రూపొందించిన పొడి బల్లను ఆశ్రయిస్తారు. దాని అంచు పొడుగునా రంధ్రాలు. ఒక్కదాని అడుగున మాత్రమే దాగడానికి చోటు.

వెనుక వరుసలోని పిల్లవాడు జవాబు చెప్పకపోతే మందమతి అని తేల్చే ముందు, నల్లబల్లమీది అక్షరాలు వాడికి కనబడుతున్నాయో లేదో కనుక్కోవడం మంచి ఉపాధ్యాయుని లక్షణం. చిట్టెలుకకు కూడా ఆ న్యాయమే వర్తిస్తుంది.