ఎక్కిన గేరులోనే దిగాలి

టెక్సస్‌లోనో కొలరాడోలోనో ఉంటున్న మనవాళ్ళలో పికప్ ట్రక్కు కొని, వెనక క్యాంపరో బోటో తగిలించుకుని సెలవులకు బయల్దేరేవారు ఇప్పుడు అరుదేమీ కాదు. కొత్త బండిలో సీటు చల్లబరిచే మీట ఎక్కడుందో మొదటి రోజే కనిపెడతారు. గేరు కడ్డీ చివరో, డ్యాష్‌బోర్డు మీదో ఉండే, బరువు లాగేటప్పుడు నొక్కాల్సిన టో-హాల్ బటన్ జోలికి మాత్రం పోరు. అడిగితే, "పది గేర్ల ఆటోమేటిక్ అండీ, అన్నీ అదే చూసుకుంటుంది" అంటారు.

చూసుకోదు. ఇంధనం ఆదా చేయడమే ఆ గేర్‌బాక్స్‌కు నేర్పిన చదువు. సందు దొరికితే చాలు పై గేరులోకి పోతుంది. ఖాళీ బండికి అది మేలే. వెనక 7,000 పౌండ్ల బరువు, అంటే మూడు టన్నుల పైమాట, వేలాడుతున్నప్పుడు చిన్న మిట్ట ఎదురైనా ఆ గేరు లాగలేదు. కింది గేరు పడుతుంది, కాస్త ఊపందుకోగానే మళ్ళీ పైది, మళ్ళీ కిందిది. మారినప్పుడల్లా లోపల క్లచ్ పలకలు రాసుకుంటాయి, ఆ వేడంతా ఆయిల్‌కెక్కుతుంది. బటన్ నొక్కితే పై గేరు ఆలస్యంగా పడుతుంది, పడిన గేరు నిలుస్తుంది. అంతే. ఇంజిన్‌కు కొత్త బలమేమీ రాదు. బటన్ ఉంది కదా అని పరిమితికి మించి తగిలించేవాళ్ళు ముందు డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ చదవాలి. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీదే పడుతుంది. అదీ ఆ స్టిక్కర్ చెప్పే, బండి మోయగల బరువు లెక్కలోకే వస్తుంది.

అసలు ఈ బటన్ విలువ ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడు తెలుస్తుంది. డెన్వర్ నుంచి ఐ-70 రహదారి మీద పడమటికి వెళ్తే 11,000 అడుగుల పైన ఐసెన్‌హవర్ సొరంగం. దాటగానే సిల్వర్‌థోర్న్ వైపు మైళ్ళ తరబడి దిగుడే. వాలు 7 శాతం దాకా ఉంటుంది. బ్రేకులు పోయిన లారీలు ఎక్కి ఆగడానికి దారి పక్కనే రెండు కంకర మిట్టలు కట్టారంటే ఆ వాలు ఎలాంటిదో ఊహించుకోవచ్చు. అక్కడ పై గేరులో బండిని వదిలేసి, కాలు బ్రేకు మీదే ఆనించి దిగితే కాసేపటికే కాలిన వాసన మొదలవుతుంది. ఆ తర్వాత ఎంత తొక్కినా బ్రేకు పట్టదు. 2019 ఏప్రిల్‌లో ఇదే రహదారి మీద, డెన్వర్ శివార్లలో, కొండ దిగి వచ్చిన సరుకు లారీ ఆగి ఉన్న బళ్ళ మీదికి దూసుకెళ్ళి నలుగురి ప్రాణాలు తీసింది. బ్రేకులు పోయాయని డ్రైవర్ చెప్పాడు.

టో-హాల్‌లో ఉంటే బ్రేకు ఒకసారి తొక్కగానే చాలా బళ్ళు తమంతట తామే కింది గేరు వేసుకుంటాయి. ఇంజిన్ గట్టిగా అరుస్తుంది. పక్క సీట్లోవాళ్ళు కంగారు పడతారు, పడనివ్వండి. ఆ అరుపే బండిని పట్టి ఆపుతోంది. మన ఘాట్‌లలో లారీ తోలే పాతకాపులకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు అని క్లీనర్‌కు మొదట నేర్పేది అదే. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించే మొనగాళ్ళూ మనలోనే ఉన్నారనుకోండి, అది వేరే కథ. ఆటోమేటిక్ వచ్చాక గేరు సంగతి ఆలోచించే అలవాటే పోయింది. కంపెనీలు ఆ పాత సూత్రాన్ని బటన్‌లో పెట్టి తిరిగి మన చేతికిచ్చాయి.

చదునైన దారిలో ఖాళీ ట్రైలర్‌తో పోతుంటే దీని అవసరం లేదు. మోత, ఖర్చు తప్ప ఒరిగేదీ లేదు. టో-హాల్ ఉంది కదా అని ట్రైలర్ సొంత బ్రేకులను సరిచూసుకోకపోవడం మాత్రం మూర్ఖత్వం. ఇంకొకటి, ఇంజిన్ ఆపితే చాలా బళ్ళలో ఈ అమరిక పోతుంది. కొండ కింద గ్యాస్ కొట్టించుకుని మళ్ళీ స్టార్ట్ చేశాక డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగిందో లేదో చూసుకుని కదలండి.

– సారథి