అంగడి ఎవరిది? చిరునామా ఎవరిది?

"ఇంట్లో కూర్చుని చేసుకునే పని కదా, ఆడవాళ్ళకు ఇంతకంటే అనువైనదేముంది?" సాఫ్ట్‌వేర్ పని గురించి తిరుపతి, చిత్తూరు ప్రాంతాల మధ్యతరగతి ఇళ్ళలో తరచు వినిపించే మాట ఇది. బెంగుళూరులోనో చెన్నైలోనో చేస్తున్న ఉద్యోగాన్ని పిల్లల కోసం వదులుకుని వచ్చిన స్త్రీకి ఓదార్పుగా చెప్పే మాట కూడా. పని ఇంట్లో చేసుకోవచ్చు, నిజమే. మరి ఆ సరుకును ఎవరి అంగట్లో అమ్మాలి? ఏ షరతుల మీద అమ్మాలి? ఈ ప్రశ్నలు మాత్రం ఎవరూ వేయరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మన పల్లెల్లో పాడి పని ఎక్కువగా ఆడవాళ్ళదే. పోసిన పాలు ఎన్ని లీటర్లు, వెన్న శాతం ఎంత, రావలసిన డబ్బు ఎంత అన్నది తెలుగులో లెక్క చూపే చిన్న యాప్‌ను తిరుపతిలో ఒక స్త్రీ సొంతంగా తయారుచేసిందనుకుందాం. నెలకు 30 రూపాయల చందా. ఇప్పుడది గూగుల్ ప్లే స్టోర్‌లో ఉంది. కొత్తగా వచ్చిన మరో వేదికకు మారాలా వద్దా అని ఆమె ఆలోచిస్తోంది. ఇది సాంకేతిక విషయమని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో ఇది శ్రమకూ, ఆస్తికీ, భద్రతకూ సంబంధించిన హక్కుల విషయం.

మొదట ఆశీలు సంగతి చూద్దాం. సంతలో తట్ట దించితే ఆశీలు కట్టాలి. ఆ సంత పంచాయతీది కాబట్టి రేటు ఎక్కువైతే నిలదీయడానికి ఒక చోటుంది. ప్లే స్టోర్ ప్రైవేటు సంత. 2022 నుంచి చందాల మీద అది 15 శాతం తీసుకుంది. 2023లో భారతదేశంలో వేరే చెల్లింపు పద్ధతి వాడుకోవచ్చని అనుమతించినప్పుడు కూడా తగ్గించింది 4 శాతమే. అంటే డబ్బు గూగుల్ చేతుల మీదుగా రాకపోయినా 11 శాతం దానికే చెల్లాలి. వెయ్యిమంది చందాదారులుంటే 15 శాతం చొప్పున నెలకు 4,500 రూపాయలు. మన ఊళ్ళలో ఒక మనిషిని సాయానికి పెట్టుకోవడానికి పనికొచ్చే డబ్బు అది. ఈ చెల్లింపు షరతుల మీదే 2022 అక్టోబర్‌లో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 936.44 కోట్ల జరిమానా వేసింది. 2025 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని 216.69 కోట్లకు తగ్గించింది. జరిమానాలు పెరిగినా తగ్గినా చిన్న తయారీదారు చేతికి వచ్చిందేమీ లేదు.

ఇక కొత్త వేదికలు. 2024 ఫిబ్రవరిలో ఫోన్‌పే సంస్థ ఇండస్ యాప్‌స్టోర్‌ను ప్రారంభించింది. తెలుగుతో సహా 12 భారతీయ భాషల్లో పనిచేస్తుంది. మొదటి ఏడాది నమోదు ఉచితమనీ, బయటి చెల్లింపు పద్ధతి వాడుకుంటే కమిషన్ ఉండదనీ చెప్పింది. పాలు పోసే ఆడవాళ్ళ కోసం యాప్ రాసేవారికి తెలుగులో వెదికే స్టోరు దొరకడం చిన్న సంగతి కాదు. కానీ స్వదేశీ అన్న మాట విని మురిసిపోకూడదు. ఆనాటికి ఫోన్‌పేలో పెద్ద వాటా అమెరికా కంపెనీ వాల్‌మార్ట్‌ది. పైగా మొదట ఉచితమన్న సంత ఎప్పటికీ ఉచితంగానే ఉంటుందని హామీ లేదు.

వేదికలు చచ్చిపోతాయి కూడా. ఫైర్‌ఫాక్స్ ఓఎస్ ఫోన్లు 2014లో మన దేశంలో రెండు వేల రూపాయలకే వచ్చాయి. రెండేళ్ళకే ఆ ప్రయత్నం ఆగిపోయింది. విండోస్ ఫోన్లకు 2020 జనవరితో మద్దతు ముగిసింది. 2022 జనవరి 4న పాత బ్లాక్‌బెర్రీల సేవలు నిలిచిపోయాయి. వాటి కోసం యాప్‌లు రాసినవారు మళ్ళీ మొదటినుంచీ నేర్చుకోవలసి వచ్చింది. ఆ నేర్చుకునే సమయం మగవాడికి ఆఫీసు పనివేళల్లో దొరకవచ్చు. వంటా, పిల్లల చదువూ, అత్తమామల మందులూ అయ్యాక రాత్రి పదకొండింటికి కంప్యూటర్ ముందు కూర్చునే స్త్రీకి అది నిద్రలో కోత. ఆ శ్రమకు లెక్క ఎవరు కడుతున్నారు?

డబ్బు కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది చిరునామా సంగతి. 2023 నుంచి గూగుల్ వరసగా తెచ్చిన నిబంధనల ప్రకారం, వ్యక్తిగత ఖాతాతో డబ్బు సంపాదించేవారి అసలు పేరు, పూర్తి చిరునామా యాప్ పేజీలో అందరికీ కనిపిస్తాయి. ఆఫీసు ఉన్న కంపెనీకి ఇందులో నష్టం లేదు. ఇల్లే ఆఫీసైన ఒంటరి స్త్రీకి, భర్త హింసనుంచి తప్పించుకుని వేరే ఊళ్ళో ఉంటున్న స్త్రీకి ఇది ప్రమాదం. మోసగాళ్ళను పట్టుకోవడానికే ఈ నిబంధన అంటారు. 2020 తరువాత రుణ యాప్‌ల వేధింపులకు తెలుగు రాష్ట్రాల్లో ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు, కాబట్టి తనిఖీ అవసరాన్ని కాదనలేం. కానీ తనిఖీ వేరు, చాటింపు వేరు. చిరునామా కంపెనీ దగ్గర, అవసరమైతే చట్టం చేతిలో ఉంటే చాలదా?

2023 నవంబర్ తరువాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు ఇంకో షరతు వచ్చింది. యాప్‌ను 20 మంది 14 రోజులు వరసగా పరీక్షించాలన్నారు. 2024 డిసెంబర్‌లో ఆ సంఖ్యను 12కు తగ్గించారు. డ్వాక్రా సంఘంలో అంతమంది దొరుకుతారు, కానీ చేతిలో సొంత ఫోనుండాలి కదా! 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో తాము వాడుకునే ఫోనున్న స్త్రీలు 48.9 శాతమే. ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. శ్రీసిటీ ఫాక్స్‌కాన్ కర్మాగారంలో ఫోన్లు బిగించే చేతుల్లో ఎక్కువ భాగం ఆడపిల్లలవే. ఫోను చేసేది మనవాళ్ళు, దానిమీద అధికారం మాత్రం ఇంకెవరిదో!

స్టోరు వదిలి బయటనుంచి యాప్ ఇచ్చుకుందామన్నా దారి ఇరుకవుతోంది. గుర్తింపు నమోదు చేసుకోనివారి యాప్‌లను సాధారణ ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కించనివ్వబోమని 2025 ఆగస్టులో గూగుల్ ప్రకటించింది. విమర్శలు వచ్చాక నవంబర్‌లో కొన్ని సడలింపులు చెప్పింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది.

అయితే మారాలా వద్దా? పాతదాన్ని వదలకుండా కొత్తదానిలోనూ అడుగుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం. మొదట ఏ ఫోనులోనైనా తెరుచుకునే వెబ్ పేజీగా పని తయారు చేసుకుంటే, స్టోరు మూతబడినా సరుకు చేతిలో ఉంటుంది. చందాదారుల వివరాలు, మూల ప్రోగ్రాము తన దగ్గరే భద్రంగా పెట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఖాతా, బ్యాంకు పుస్తకం, పాస్‌వర్డ్ తన పేరనే ఉండాలి. "మీ ఆయన పేరు మీద పెడితే తేలిక" అనే సలహా ఖరీదు విడిపోయిన రోజున గానీ తెలియదు. 1985 సెప్టెంబర్ నుంచి అమల్లోకి వచ్చిన చట్టంతో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు వాటా సాధించుకున్న రాష్ట్రం మనది. తన చేతులతో తయారుచేసిన ఆస్తిని వేరొకరి పేర రాసివ్వడం ఏం న్యాయం?

ఒంటరిగా ఎవరి షరతులనూ ఎవరూ మార్చలేరు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద మన ఆడవాళ్ళు పొదుపు సంఘాలు నడిపారు. అదే పద్ధతిలో ప్రోగ్రాములు రాసే స్త్రీలు ఒక సంఘం పెట్టుకుంటే, ఖాతా సంఘం పేర, చిరునామా సంఘం కార్యాలయానిది అవుతాయి. ఇంటి గడప బజారున పడదు. 1983లో స్త్రీల కోసమే స్థాపించిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం తిరుపతిలోనే ఉంది. ఇలాంటి సంఘానికి ఒక గది, పరీక్షించడానికి కొన్ని ఫోన్లు ఇమ్మని అక్కడ అడుగుదాం. వ్యక్తుల ఇంటి చిరునామాలు బహిరంగపరచే షరతును ఎత్తివేయించమని మహిళా కమిషన్‌నూ, కాంపిటీషన్ కమిషన్‌నూ కోరుదాం.

కంపెనీలు అంగళ్ళు తెరుస్తాయి, మూస్తాయి. వాటిలో ఏది మంచిదని వెదకడంతో మన పని అయిపోదు. ఏ అంగడికి వెళ్ళినా మన పేరు, మన సరుకు, మన భద్రత మన చేతిలో ఉండేలా చూసుకోవాలి. అది ఒక్క ఆడమనిషి తెలివితేటల మీద వదిలేయదగ్గ పని కాదు. మనందరిదీ.