గునుగు పువ్వు పేరిస్తే కళ కాదా?

హైదరాబాద్‌ల ఒక చిత్రకళా సదస్సుకు పోయినం. మాట్లాడెటాయన బోర్డు మీద కొన్ని మాటలు రాసిండు. గీత, ఆకారం, రంగు, సమతుల్యం, లయ, వైరుధ్యం, నిష్పత్తి, ఖాళీ జాగా. ఇవి కళకు అ ఆ లు, ఇవి రానోడికి బొమ్మ రాదన్నడు. మంచిదే. కానీ ఇవన్నీ ఐరోపా నుంచి ఓడల దిగినట్టే చెప్పుకుంట పోయిండు. గంటన్నర ఉపన్యాసంల తెలంగాణ పేరు ఒక్కసారే వినపడ్డది, అది కూడా ‘జానపద హస్తకళలు’ అనే మాట పక్కన. మాకు అక్కడ కూసుండగనే మోతె యాదికొచ్చింది.

మోతె సూర్యాపేట నుంచి ఖమ్మం పోయే తొవ్వల ఉంటది. పెత్రమాస నాడు పొద్దున అక్కడ ఏ వాకిట్ల నిలబడ్డా ఆ సారు బోర్డు మొత్తం కండ్ల ముందుంటది. గునుగు కోసుకొచ్చి కట్టలు కడుతరు. కాడలు ఒకే పొడుగు కత్తిరిస్తరు. కొన్ని కట్టలను ఎరుపు, గులాబి, ఊదా రంగు నీళ్లల్ల ముంచి ఆరబెడుతరు, కొన్నిటిని తెల్లగనే ఉంచుతరు. పక్కన తెలుపు లేకుంటే ఎరుపు లేవదని అవ్వకు ఎరుకే. తాంబాలంల ఆకులు పరిచి ఒక వరుస తంగేడు, ఒక వరుస గునుగు, నడుమ బంతి పేర్చుకుంట వస్తరు. పువ్వు బయటికి, కాడ లోపలికి. నడుమ బోలును ఆకులతోటి, తుంచిన కాడలతోటి కూరుతరు, లేకుంటే నాలుగో వరుసకే కుంగుతది. పైకి పోయినకొద్దీ చుట్టు తగ్గాలె. ఎంత తగ్గాలె? స్కేలు లేదు, కంపాస్ లేదు. బిడ్డ పేరుస్తుంటే అవ్వ నాలుగడుగులు ఎనుకకు జరిగి చూసి, ‘ఎడమకు ఒరిగింది, సవరించు’ అంటది. ఆ సారు గంటసేపు చెప్పిన సమతుల్యం ఆ ఒక్క మాటల ఉన్నది.

మరి ఇది కళ ఎందుకు కాలేదు? గోడకు తగిలించరాదు, వేలం వేయరాదు, ఆడుడు అయినంక చెరువుల కలుస్తది. కొనెటోడు లేనిదానికి కళాలోకంల పేరు ఉండదు. పేరిచింది ఆడోళ్లు, అందుల కూలికి పొయ్యే ఆడోళ్లు. ఇగ చెప్పేదేమున్నది!

మన దగ్గర చేతులే ఉన్నయి, శాస్త్రం లేదనే మాట ఇంకొకటి. వాత్స్యాయనుడి కామసూత్రాలకు యశోధరుడు రాసిన వ్యాఖ్యానంల చిత్రకళకు ఆరు అంగాలు చెప్పి ఉన్నయి: రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్య యోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం. అది 13వ శతాబ్దపు గ్రంథం. ఐరోపా పేరు మీద ప్రమాణం చేసెటోళ్లు ఐరోపానన్న సరిగ చదివిన్రా? జర్మనీల 1919ల బౌహౌస్ బడి పెట్టినప్పుడు వాల్టర్ గ్రోపియస్ మొదటి ప్రకటనలనే చెప్పిండు, కళాకారునికీ చేతిపనోడికీ నడుమ గోడ ఉండొద్దని. ఆ దేశంల వందేండ్ల కింద కూలగొట్టాలన్న గోడకు మనోళ్లు ఇంకా సున్నం వేస్తున్నరు.

చేర్యాల పటం సంగతి చూడండి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక పూసి ఆరబెట్టి నకాషీలు పటం గీస్తరు. ఎర్రని నేల మీద పసుపు, నీలం బొమ్మలు. వరుస వెంట వరుస కథ నడుస్తది, కథకుడి పాట ఎంత నడిస్తే గుడ్డ అంత విప్పుకుంటది. మాదిగలకు జాంబవ పురాణం డక్కలోళ్లు చెప్పిన్రు, పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులోళ్లు చెప్పిన్రు. గీసెటోడు, చెప్పెటోడు, పోషించే కులం, చూసే ఊరు, అన్నీ ఉన్నయి. ఇది కళాలోకం కాకపోతే ఇంకేంది? గ్యాలరీ అద్దం తలుపు ఒక్కటే లేదు. దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కానీ పటం చెప్పెటోళ్లు తగ్గి, నకాషీ ఇయ్యాల మాస్కులు, చిన్న చిన్న బొమ్మలు అమ్ముకుని బతుకుతున్నడు. తోట వైకుంఠం బొమ్మలల్ల ఉన్న పెద్ద బొట్టు, నిండు రంగు చీర మన ఊర్లయే. ఆయనంటే మాకు గర్వం. కానీ ఆ బొట్టు పెట్టుకున్నామె పేరిచిన పువ్వు అలంకారం, ఆమె బొమ్మ కళ అయితే ఆ లెక్క మాకు సమజ్ కాదు.

మా జిల్లా సంగతే చెప్పుకుందం. పేట పక్కన పిల్లలమర్రిల కాకతీయుల సామంతులు రేచర్లోళ్లు కట్టిన గుళ్లున్నయి. ఎరకేశ్వరాలయం 1208 నాటిది. మొఖం కనిపించేటట్టు నునుపు దేలిన నల్లరాతి స్తంభాలు, వాటి మీద వెంట్రుకంత సన్నపు చెక్కడం. నామేశ్వరాలయంల క్షీరసాగర మథనం రంగుబొమ్మ మాసి మాసి మిగిలింది. కాకతీయుల కాలపు రంగుబొమ్మలు మిగిలినయే కొన్ని. ఇటు ఫణిగిరి బౌద్ధ తోరణం శిల్పం 2023ల న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంల ప్రదర్శనకు పోయింది. అమెరికావోళ్లు వరుస కట్టి చూసిన్రు. మోతె పిలగాండ్లల్ల ఎందరు చూసిన్రు? మా చదువు దినాలల్ల డ్రాయింగ్ పీరియడ్ అంటే లెక్కల సారు గుంజుకునే పీరియడ్. చూసుడు కూడ నేర్పే చదువేనని మాకు ఎవ్వరూ చెప్పలే.

ఇప్పుడు మన తప్పు మనం ఒప్పుకోవాలె. ఉద్యమంల బతుకమ్మను జెండా చేసి రోడ్డు మీదికి తెచ్చినం. 2014ల రాష్ట్రం వచ్చింది, బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. వెంటనే ఫ్లెక్సీ అయింది కూడ. ఒక్క ఫ్లెక్సీల నలభై మొఖాలు, ఎవని మొఖం ఎంత పెద్దగుండాలె అనేది పదవిని బట్టి, అక్షరానికి ఊపిరాడే జాగా ఉండదు. గోడల మీద జై తెలంగాణ రాసిన పెయింటర్ల చేతులు యాదికున్నయా? నిచ్చెన మీద నిలబడి, సుద్ద దారం కొట్టి, ‘ణ’కు ఆ వంపు తిప్పినోళ్లు? పేటల అట్ల రాసిన ఒకాయన ఇప్పుడు ఇండ్లకు సున్నం వేస్తున్నడు. ‘అక్షరం మరిచిపోలే, అడిగెటోడు లేడు’ అన్నడు. 2024 డిసెంబర్‌ల సచివాలయం కాడ తెలంగాణ తల్లి కొత్త విగ్రహం పెట్టినప్పుడు చేతిల బతుకమ్మ లేదని పెద్ద లొల్లి అయింది. లొల్లి సబబే. కానీ ఆ శిల్పం నిలబడ్డ తీరెట్లున్నది, చెయ్యి బరువు ఎటు పడ్డది అని మాట్లాడినోళ్లు మాకు దొరకలే.

ఉద్యోగ సంఘాలు, విద్యార్థి సంఘాలు ఈ సంగతి ఎజెండాల పెట్టాలె. ప్రతి హైస్కూల్‌ల డ్రాయింగ్ సారును పెట్టుమని అడగాలె. సభలు పెట్టే మన సంఘాలు ఈసారి ఒక్క బ్యానరన్న చేత్తో రాయించాలె, కూలి ఇచ్చి.

పొద్దున మోతెల బయలెల్లితే పిల్లలమర్రి చూసి మధ్యాహ్నం అన్నం యాళ్లకు తిరిగి రావొచ్చు. బస్సు కిరాయి మేం పోగు జేస్తం. పిలగాండ్లను తోలే సార్లు ఎవరో చెప్పుండ్రి.