సూట్‌కేసులో అజిత్రోమైసిన్

ఎడిసన్‌లో చలికాలం మొదలైందని తెలియడానికి మంచు పడనక్కర్లేదండీ. ఓక్ ట్రీ రోడ్డులో ఏ ఇండియన్ కొట్టుకెళ్ళినా శొంఠి కోసం ఒకరు, మిరియాల కోసం ఒకరు వెతుకుతూ కనబడతారు. నలుగురు కలిస్తే ఒకరింట్లో పిల్లాడికి దగ్గు, ఇంకొకరింట్లో అమ్మగారికి జ్వరం. తరవాత సలహాల పర్వం. ఈ మధ్య ఆ పర్వంలో కొత్త అధ్యాయం ఒకటి చేరింది: "అసలు సంగతంతా పొట్టలో ఉందండీ, ప్రోబయోటిక్ మాత్రలు వాడండి" అని. మొన్న నాకీ మాట చెప్పినాయన అంతకు ముందు వారమే జలుబుకి అజిత్రోమైసిన్ ఐదు రోజుల కోర్సు పూర్తిచేశాడు. చేనంతా కలుపు మందు కొట్టేసి, మర్నాడు విత్తనాల పొట్లం కొనడానికి బయల్దేరినట్టుంది నాకు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పేగులకీ ఊపిరితిత్తులకీ లంకె ఉందన్నది ఒట్టి వాట్సాప్ కబురు కాదు, అందులో సరుకుంది. కానీ ఆ సరుకు మనకి చెబుతున్నది ఫలానా సీసా కొనమని కాదు. ఇండియా నించి వస్తూ సూట్‌కేసులో వేసుకొచ్చే ఆ యాంటీబయోటిక్ స్ట్రిప్పులు మానమని.

సరుకేమిటో చూద్దాం. 2011లో యేల్ యూనివర్సిటీలో అకికో ఇవాసాకి బృందం కొన్ని ఎలుకలకి యాంటీబయోటిక్స్ పట్టించి, తరవాత ఫ్లూ వైరస్ ఎక్కించారు. మందు పడ్డ ఎలుకలు వైరస్‌ని సరిగ్గా ఎదుర్కోలేకపోయాయి. యాంటీబయోటిక్ వైరస్‌ని ఏమీ చెయ్యదని మనకి తెలుసు. అది పేగుల్లో ఉన్న బాక్టీరియాని చంపింది, ఆ లోటు ఊపిరితిత్తుల్లో తెలిసింది. 2018లో స్విట్జర్లాండులో ఇంకో బృందం ఎలుకలకి పీచు ఎక్కువున్న తిండి పెట్టి చూసింది. అవి ఫ్లూని బాగా తట్టుకున్నాయి. పీచు తిని బతికే బాక్టీరియా బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. వాటి ప్రభావం ఎముకల్లో మూలుగ దాకా వెళుతుంది. అక్కడ తయారయ్యే రక్షక కణాల తీరు మారుతుంది. దాంతో ఊపిరితిత్తుల్లో అనవసరపు వాపు తగ్గింది, వైరస్‌ని చంపే కణాలు మాత్రం చురుగ్గా పనిచేశాయి. ఫ్లూలో మనిషిని దెబ్బతీసేది చాలాసార్లు వైరస్ ఒక్కటే కాదు, దానిమీద ఒళ్ళు చేసే యుద్ధం కూడా.

"ఎలుకల సంగతి సరే, మనుషులో?" అంటారు. అడగాల్సిన ప్రశ్నే. 2021లో హాంకాంగ్‌లో కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరిన 100 మందిని పరీక్షించారు. జబ్బు ముదిరినవాళ్ళలో, ఒంట్లో వాపు సూచికలు పెరిగినవాళ్ళలో కొన్ని మంచి బాక్టీరియా బాగా తగ్గి ఉన్నాయి. అయితే బాక్టీరియా తగ్గినందుకు జబ్బు ముదిరిందా, జబ్బు ముదిరినందుకు బాక్టీరియా తగ్గిందా అన్నది దీంతో తేలదు. సర్వర్ పడిపోయినప్పుడు లాగ్‌లో కనబడ్డ ప్రతి ఎర్రర్నీ కారణం అనుకునే కుర్ర ప్రోగ్రామర్లని నేను చాలామందిని చూశాను. ఇక్కడా అదే జాగ్రత్త కావాలి.

మన పొరుగునే జరిగిన ప్రయోగం ఇంకా గట్టిది. పినాకి పాణిగ్రాహి అనే డాక్టరు ఒడిశా పల్లెల్లో 4,556 మంది పసికందుల్ని తీసుకుని, సగం మందికి లాక్టోబాసిల్లస్ ప్లాంటారం అనే బాక్టీరియాని, దానికి మేతగా ఒకరకం చక్కెరని కలిపి వారం రోజులు పట్టించారు. మిగతావాళ్ళకి ఉత్తుత్తి మందు. 60 రోజుల్లో సెప్సిస్ గానీ చావు గానీ ఉత్తుత్తి మందు పడ్డవాళ్ళలో 9 శాతం, అసలు మందు పడ్డవాళ్ళలో 5.4 శాతం. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు కూడా తగ్గాయి. 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. కానీ గుర్తుపెట్టుకోండి, అది ఎంచి తీసిన ఒక్క బాక్టీరియా, అప్పుడే పుట్టిన పిల్లల మీద. మనింట్లో తోడు పెరుగు తింటే నలభై ఏళ్ళ నాకు ఫ్లూ రాదని దాని అర్థం కాదు. (పెరుగన్నం మానమనడం లేదు. మానమన్నా నేను మానను.)

మన ప్రవాసులకి ప్రత్యేకంగా పనికొచ్చేది ఇంకొకటుంది. థాయిలాండ్ నించి మిన్నెసోటాకి వలసొచ్చిన మోంగ్, కరెన్ జనాల మీద చేసిన పరిశోధన 2018లో వచ్చింది. అమెరికాలో దిగిన కొన్ని నెలల్లోనే వాళ్ళ పేగుల్లో పీచుని అరిగించే బాక్టీరియా తగ్గడం మొదలైంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా తగ్గింది, ఇక్కడ పుట్టిన పిల్లల్లో మరీను. మన మీద చేసిన లెక్క కాదు కాబట్టి మనకీ అంతే అని ఒట్టేసి చెప్పను. కానీ మా వీధిలో పిల్లల లంచ్ బాక్సులు చూస్తే ఆశ్చర్యపడను కూడా.

ఇప్పుడు యాంటీబయోటిక్స్ దగ్గరికొద్దాం. అవి శత్రువులని కాదు నా మాట. మా ఊరి పక్కనే రట్గర్స్‌లో 1943లో స్ట్రెప్టోమైసిన్ దొరికింది, క్షయని మొదటిసారి లొంగదీసింది అదే. ఇక్కణ్ణించి కాస్త ఉత్తరంగా పెర్ల్ రివర్‌లో మన భీమవరం ఎల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ కంపెనీ పరిశోధనల్ని నడిపిన రోజుల్లోనే ఆరియోమైసిన్ పుట్టింది. ఎన్ని కోట్ల ప్రాణాలు నిలిచాయో! ఇప్పుడు అదే రట్గర్స్‌లో మార్టిన్ బ్లేసర్ అనే ప్రొఫెసరు, అక్కర్లేని యాంటీబయోటిక్స్ వల్ల మనలోంచి మాయమైపోతున్న బాక్టీరియా గురించి ఏళ్ళ తరబడి హెచ్చరిస్తున్నాడు. రెండూ నిజమే. అవసరానికి వాడితే ప్రాణం పోసేది, జలుబుకి వాడితే ఊరికే నష్టం చేసేది.

నష్టం పొట్టకి మాత్రమే కాదు. ఆ మధ్య డిసెంబరులో మా మావగారు వచ్చినప్పుడు ఆయనకి సాయంత్రానికి జ్వరం, ఒళ్ళునొప్పులు, దగ్గు. ఆయనకి డెబ్భై రెండేళ్ళు, షుగరుంది. విజిటర్ ఇన్సూరెన్సు సంగతి మీకు తెలిసిందే, పాత జబ్బుల జోలికి రాదు. ఆస్పత్రిలో చేరాల్సొస్తే ఏమిటన్న భయం ఇంట్లో అందరికీ ఉంది. ఫోన్ల మీద ఫోన్లు: "అజిత్రోమైసిన్ వేసి చూడండి, మూడు రోజులకి తగ్గకపోతే అప్పుడు డాక్టరు." మా అత్తగారి బ్యాగులో స్ట్రిప్పు సిద్ధంగానే ఉంది. మా ఆవిడ ససేమిరా అని మర్నాడు పొద్దున్నే క్లినిక్కి తీసుకెళ్ళింది. ముక్కులో పుల్ల పెట్టి తీసిన పరీక్షలో ఫ్లూ అని తేలింది. టామిఫ్లూ రాశారు. ఆ మందు మొదటి 48 గంటల్లో పడితేనే బాగా పనిచేస్తుంది. "మూడు రోజులు చూద్దాం" అన్న సలహా పాటించి ఉంటే ఆ గడువు కాస్తా దాటిపోయేది, పైగా పొట్టలో ఉన్న కాపలాదారుల్ని మనమే పంపించేసేవాళ్ళం. ఆయన వారంలో లేచి తిరిగారు.

కోవిడ్ రోజుల్లో ఇండియాలో ఈ మాత్రలు ఎంత మింగారో మనందరం చూశాం. 2021లో బ్రిటన్‌వాళ్ళు రికవరీ ట్రయల్‌లో 7,763 మంది మీద లెక్క తేల్చారు. అజిత్రోమైసిన్ వేసినవాళ్ళలోనూ 22 శాతం చనిపోయారు, వెయ్యనివాళ్ళలోనూ 22 శాతమే. బాక్టీరియా న్యుమోనియా ఉందని డాక్టరు చెబితే కథ వేరు, అప్పుడు ఆయన రాసింది పూర్తిగా వాడాల్సిందే.

మరి మా ఇంట్లో ఏం చేస్తున్నామంటారా? అక్టోబరులో అందరం ఫ్లూ టీకా వేయించుకుంటాం. పీచు కోసం పొడి డబ్బాలేమీ కొనం. కందిపప్పు, చిక్కుడుకాయ, గోంగూర, వారానికి రెండుసార్లు జొన్నరొట్టె. మా చిన్నాడు గోంగూర ముట్టడు, వాడికి రాజ్మా.

ఈ వేసవికి హైదరాబాద్ వెళుతున్నాం. అప్పుడే లిస్టులు రావడం మొదలైంది. కాకరకాయ పొడి, పూతరేకులు, కందిపొడి ఎన్ని కేజీలైనా తెస్తాను. ఆ స్ట్రిప్పులు మాత్రం నన్నడక్కండి.